మిస్రీ గిట్టల్లో వేడి

తొమ్మిదో భాగం

నాచారం చౌరస్తాలో తారామణి టీకొట్టు ముందు, సంచి భుజాన వేసుకుని తలవంచుకుని నడిచిపోతున్న మొగిలయ్యను పోయినవారం అక్కడే వదిలేశాం. నలుగురూ వింటుండగా పౌలు అన్నది ఒక్కటే మాట. "నీ మొల దిగే నా గుర్రం కుంటిదైంది." మొల అంటే లాడానికి కొట్టే మేకు. మిస్రీ అనే ఆ తెల్లగుర్రం పదేళ్ళుగా ఉప్పల్ నుంచి మౌలాలి దాకా సగం మంది పెళ్ళికొడుకుల్ని మోసింది. దానికి మొదటి లాడం కొట్టింది మొగిలయ్యే. మొన్న శనివారం కొత్త లాడాలు కొట్టిందీ ఆయనే. ఆదివారం ఆ లాడాలతోనే అది ఈ ఏటి చివరి ముహూర్తానికి బరాత్‌లో టకటకమని నడిచింది. గురువారం తెల్లారేసరికి అడుగు తీసి అడుగు వెయ్యనంది.

ఇరవై ఆరేళ్ళ స్నేహం వాళ్ళది. బావా అంటే బావా అనుకునే మనుషులు. అంత మాట పడ్డాక కూడా మొగిలయ్య ఎదురు చెప్పకపోవడానికి కారణం మంచితనం ఒక్కటే కాదు. ముప్పై రెండేళ్ళుగా లాడాలు కొడుతున్న ఆ చేతులకి ఈమధ్య వణుకు మొదలైంది. శనివారం ఎడమకాలికి మూడో మేకు కొట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం పక్కకి జరిగిందేమోనని ఆయనకే అనుమానం.

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకి చిలుకానగర్‌లో మొగిలయ్య గుమ్మం ముందు షేర్ ఆటో ఆగింది. అందులోంచి పౌలు భార్య మార్తమ్మ దిగింది.

"లోపలికి రా చెల్లె," అన్నాడు మొగిలయ్య.

"కూసుండెటందుకు రాలే అన్నా. పదింటికి రామంతాపూర్ నుంచి డాక్టరమ్మ వస్తది. లాడాలు ఊడదీసి పెట్టాలె అని ఫోన్ల చెప్పింది. సంచి పట్టుకొని నడువు."

"బావ పిలువుమన్నడా?"

మార్తమ్మకి అబద్ధం ఆడటం చేతకాదు. "లేదు. పొద్దుగాల్నుంచి వేరేటోళ్ళకు ఫోన్లు కొడ్తనే ఉన్నడు. ఒకాయన బీదర్‌ల ఉన్నడట. ఇంకొకాయన ఎత్తుతనే లేడు. నేను పిలుస్తున్న."

మొగిలయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. సంచి గోడకి కొట్టిన చిలక్కొయ్యకి వేలాడుతోంది. నిన్నటి నుంచి ఆయన దాని ముఖం చూడలేదు.

"చెల్లె, నిజంగ నా మొలనే దిగి ఉంటే?"

"దిగితే తీసుడు గూడ నీకే ఎరుక. ఇంకెవరు తీస్తరు?"

ఆయన లేచి సంచి అందుకున్నాడు. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా సంచిలో సుత్తీ పట్టుకారూ ఒకదాన్నొకటి ఒరుసుకుని గలగలమన్నాయి. దారి పొడుగునా మార్తమ్మ ఏవేవో కబుర్లు చెప్పింది. చర్చిలో క్రిస్మస్ స్టార్ ఎవరు కట్టారో, ఎవరు కరెంటు బిల్లు గురించి గొడవ పడ్డారో. గుర్రం ఊసు మాత్రం ఎత్తలేదు. తనని మామూలు మనిషిని చెయ్యడానికే ఆమె అంతసేపు మాట్లాడుతోందని మొగిలయ్యకి తెలుసు.

పౌలు ఇల్లు నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో. రేకుల షెడ్డులో మిస్రీ నిలబడి ఉంది. నిలబడి ఉంది అనడం కంటే వెనక్కి వాలి ఉంది అనాలి. ముందుకాళ్ళు రెండూ బారచాపి, బరువంతా వెనకకాళ్ళ మీద వేసి, వేడిపెనం మీద నిలబెట్టినట్టు కాళ్ళు మార్చి మార్చి ఆనిస్తోంది. మొగిలయ్యను చూసి చెవులు నిక్కించింది. చిన్నగా సకిలించింది. ఆ సకిలింపుకి ఆయన గుండె నీరైంది. తొట్టి బోర్లించుకుని కూర్చున్న పౌలు మాత్రం తల తిప్పలేదు.

"ఇగో, వచ్చిండు," అన్నాడు గోడతో.

డాక్టర్ ఆమని చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటోంది. ముప్పై ఏళ్ళుంటాయి. తెనాలి పిల్ల. స్కూటీ మీద మందుల పెట్టె కట్టుకుని తిరుగుతుంది. ఉప్పల్ చుట్టుపక్కల గేదెలూ కుక్కలూ ఆమెకి బాగా అలవాటు. ఈ మధ్య గుర్రాలూ చూస్తోంది.

మొగిలయ్య సంచి దించి సూటిగా ఆమె ముందుకి వెళ్ళాడు. "డాక్టరమ్మా, అన్నిటికంటె ముందు నా మొలలు చూడున్రి. ఒక్కొక్కటి తీసి మీ చేతిల పెడ్త. తప్పు నాదైతే నాకు ఇక్కడనే చెప్పున్రి. నేను మంచిగ వింట."

ఆమని ఆయన వంక ఓ క్షణం చూసింది. "సరేనండీ. ఒక్క షరతు. కాలు ఎత్తితే బరువు రెండో కాలి మీద పడుతుంది. అది తట్టుకోలేదు."

"దానికొక ఉపాయం ఉన్నది," అన్నాడు మొగిలయ్య. షెడ్డు మూల ఎవరో పారేసిన ఫ్రిజ్ అట్టపెట్టె ఉంది. అందులోని తెల్లటి థర్మోకోల్ ముక్కని ఆయన చాకుతో గిట్ట కొలతకి కోశాడు. కుడికాలి కింద దాన్ని మెత్తగా దోపాడు. మిస్రీ దాని మీద బరువు మోపి, ఊపిరి బుస్సుమని వదిలింది. ఆ తర్వాతే ఆయన ఎడమకాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆకురాయితో మేకుల మడత కొనలు అరగదీశాడు. లాడం మొత్తాన్ని ఒక్కసారి పెరికితే పని తొందరగా అవుతుంది గానీ గిట్ట అదురుతుంది. అందుకని మేకులు ఒక్కొక్కటే పట్టుకారుతో లాగాడు. మొదటిది. రెండోది. ఆమని రెండింటినీ వెలుతురుకి పెట్టి చూసి పళ్ళెంలో వేసింది. మూడో మేకు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పౌలు మెడ చాచి చూస్తున్నాడు. మార్తమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు.

మొగిలయ్య లాగాడు. మేకు పొడిగా వచ్చింది. నెత్తుటి చెమ్మ లేదు, చీము లేదు, వాసన లేదు. ఆమని దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసింది. తర్వాత పట్టుకారు లాంటి పెద్ద పరికరంతో గిట్టని ఆ రంధ్రం దగ్గర నొక్కింది. మిస్రీ కదల్లేదు. గిట్ట ముందు అంచు దగ్గర నొక్కింది. మిస్రీ కాలు గుంజుకుంది. రెండో కాలికీ అదే వరస. మేకుల దగ్గర ఏమీ లేదు, ముందు అంచు దగ్గర మాత్రం ప్రాణం పోయేంత నొప్పి.

"మేకు గుచ్చుకుంటే ఒక కాలు నొప్పెడుతుంది," అంది ఆమని. "దీనికి రెండు కాళ్ళూ, ఒకేచోట, ఒకేలా నొప్పి. రెండు కాళ్ళకీ ఒకే తప్పు, అదీ ఒకే చోట జరగాలంటే మొగిలయ్య గారు పనిగట్టుకుని చెయ్యాలి." ఆయన చెయ్యి పట్టుకుని గిట్ట పైపెంకుకి ఆనించింది. "చూడండి. ఎలా ఉంది?"

వేడి. చాయ్ పోసిన గ్లాసు బయటివైపు ఉన్నంత వేడి. "ఇక్కడ, కీలు వెనక నాడి చూడండి." నాడి వేలికింద డప్పు కొట్టినట్టు కొడుతోంది. ముప్పై రెండేళ్ళలో ఆయన వేల గిట్టలు పట్టుకున్నాడు. ఇంత గట్టి నాడి ఎప్పుడూ చూడలేదు.

"పౌలు గారూ, మంగళవారం బుధవారం ఇది లద్దె ఎలా వేసింది?"

పౌలు తొట్టి మీద సర్దుకున్నాడు. మార్తమ్మే చెప్పింది. "మంగళారం పల్చగ వేసింది డాక్టరమ్మా. పులిసిన వాసన. మాటిమాటికి కడుపు దిక్కు తిరిగి చూసుకుంది. ఈయన వాము నీళ్ళు తాపిండు. బుధారానికి తగ్గింది. ఇగ మంచిదే అనుకున్నం."

"తగ్గలేదమ్మా. కిందికి దిగింది." ఆమని మోకాళ్ళ మీద కూర్చుంది. "గుర్రం గిట్ట మన గోరు లాంటిది. లోపల ఎముక ఉంటుంది. గోటినీ ఎముకనీ పట్టి ఉంచడానికి మధ్యలో పల్చటి పొర ఉంటుంది. గుర్రం కడుపు గడ్డి కోసం చేసినది. దాంట్లోకి ఒక్కసారిగా అన్నాలూ గింజలూ పోతే అరగవు, పేగుల్లో పులుస్తాయి. ఆ విషం నెత్తుట్లో కలిసి ఈ పొర దాకా వస్తుంది. పొర వాచిపోతుంది. మంట కనపడేది కాళ్ళలో, పొయ్యి ఉన్నది కడుపులో."

"పొర ఊడితే?" మొగిలయ్య అడిగాడు.

"ఎముక కిందికి జారుతుంది. అంతదాకా వస్తే ఇది ఇంక నిలబడలేదు."

ఆమని మిస్రీ మెడకి నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, సూది పెట్టెలో పెట్టి, లేచి నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి. సోమవారం ఇది ఏం తింది?"

"రోజు తినేదే," అన్నాడు పౌలు. "గడ్డి. దోసెడు శనగలు."

గేటు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. పై వాటాలో అద్దెకుండే పట్టాభిరామయ్య గారు. కాకినాడ వైపు నుంచి కొడుకు ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడిన రిటైర్డు లెక్కల మాస్టారు. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. ఆయన దాన్ని మెల్లగా వీపు వెనక్కి తీసుకుపోయారు.

"ధనుర్మాసం కదండీ," అన్నారు.

"అయితే?" అంది ఆమని.

"మా కాలనీ గుడిలో రోజూ చక్కెర పొంగలి చేస్తారండి. నేను దీనికి ఆకులో కాస్త తెచ్చిపెడతాను. నన్ను చూస్తే తలూపుతుందండీ. సోమవారం పొద్దున మంచు వల్ల జనం రాలేదు. ప్రసాదం మిగిలిపోయింది. పారబోయడానికి మనసొప్పలేదు."

"ఎంత పెట్టారు?"

లెక్కల మాస్టారికి లెక్క నోటికి రాలేదు. "ఒక గిన్నెడు ఉంటుందండీ."

"గిన్నె అంటే ఎంత గిన్నె?"

"మూత ఉన్న గిన్నెండీ."

పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆయన భార్య కామాక్షి కిందికి వంగింది. "గిన్నె కాదమ్మా, డేగిసా. గుడివాళ్ళది. తోమి ఇద్దామని చూస్తే అప్పటికే తళతళలాడిపోతోంది. ఈయనే తోమారనుకుని ఆ పూటంతా మురిసిపోయాను కూడాను. ఈయన తోమలేదు, అది నాకింది."

పౌలు తొట్టి మీంచి లేచాడు. "సారూ, డేగిసెడు పొంగలి పెడ్తరా గుర్రానికి? మీరు చదువుకున్నోళ్ళు..."

"నువ్వు కూసో," అంది మార్తమ్మ. ఆమె గొంతు మారింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది. "సారు ఒక్కడే కాదు. నేను గూడ పెట్టిన."

"నువ్వేం పెట్టినవ్?"

"ఆదివారం చర్చిల సెమీ క్రిస్మస్ అయింది గద. చపాతీలు మిగిలినయి. సోమారం పగటీలి పెట్టిన."

"ఎన్ని?"

"నలభై."

"నలభయ్యా?"

"ఒక్కొక్కటి పెడ్తుంటె ఒక్కొక్కటి తిన్నది. నేను లెక్క పెట్టినగని, ఆపుడు రాలే. ఊకె నన్ను అడుగుతున్నవ్, నువ్వు పొద్దుగూకంగ బకెట్ పట్టుకొని షెడ్డుల ఏం చేసినవో గది చెప్పు డాక్టరమ్మకు."

అంతసేపు గోడ కేసి చూసిన పౌలు ముఖం ఇప్పుడు నేల కేసి తిరిగింది. "మూడు బరాత్‌లు మోసింది ఒక్క వారంల. ఇగ నెలరోజులు ముహూర్తాలు లేవు. జర బలం రావాలె అని మక్కలు పెట్టిన."

"మొక్కజొన్నలా? ఎన్ని?" అంది ఆమని.

"బకెట్టు." చేత్తో ఎత్తు చూపించి, "నిండుగ కాదు," అన్నాడు.

మొగిలయ్యకి నవ్వు రాబోయింది. అంతలో శనివారం గుర్తొచ్చింది. లాడం కొట్టేటప్పుడు మిస్రీ ఆయన జేబులోకి మూతి దూర్చింది. ఒకటి పెట్టాడు. ఇంకోటి అడిగింది. నిజాయితీగా ఉండాలనిపించింది ఆయనకి. "నేను బెల్లం పెట్టిన డాక్టరమ్మా. శనివారం."

"ఎంత?"

"అది అడిగినంత."

ఆమని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పొంగలి, చపాతీలు, మక్కలు, బెల్లం. బొటనవేలు ఒక్కటే మిగిలింది. ముఖం సీరియస్‌గా పెట్టుకోవడానికి చాలా కష్టపడి, చివరికి చేతగాక మందుల పెట్టె మీద కూలబడి నవ్వేసింది. "ఈ గుర్రానికి శత్రువు ఒక్కడన్నా ఉంటే బాగుండేదండీ. వాడు పెట్టేవాడు కాదు కాబట్టి అంతమేరకన్నా తగ్గేది."

కామాక్షి బాల్కనీలో నవ్వింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పట్టాభిరామయ్య గారు మాత్రం గిన్నె పట్టుకుని నేరస్థుడిలా నిలబడే ఉన్నారు. మొగిలయ్య వెళ్ళి ఆ గిన్నె ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. "ఇయ్యాళ్ళ ఇది మేం తింటం సారూ. దానికి వద్దు. మాకు పెట్టున్రి."

అప్పుడు పౌలు దగ్గరికి వచ్చాడు. పళ్ళెంలోని మేకులకేసి చూశాడు. పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా, "బావా, మనసుల పెట్టుకోకు," అన్నాడు.

మొగిలయ్య పొంగలి గిన్నె అరుగు మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. నిన్నటి నుంచీ మనసులో ఉన్నది ఇప్పుడు బయటికొచ్చింది. కోపంగా కాదు, పనివాడు కొలత చెప్పినట్టు.

"నలుగుర్ల అన్నవ్ బావా. చెవుల చెప్తె సాలదు. ఇరవై ఆరేండ్లల నువ్వు నన్ను శానా అన్నవ్, నేను నిన్ను అన్న. అది వేరే. ఇది నా చేతి పని. రేపు ఎవ్వడన్న గుర్రం తెచ్చి నా ముందట కట్టాల్నంటె ఈ చేతిని నమ్మాలె. నువ్వు ఎక్కడ అన్నవో అక్కడనే తియ్యాలె ఆ మాట."

మార్తమ్మ భర్త వంక చూసింది. పౌలు మొండివాడు. పెళ్ళప్పుడు చెప్పులు నచ్చలేదని గంటసేపు చర్చి బయటే నిలబడ్డ మనిషి. ఆయన మెడ వెనక గోక్కున్నాడు. మిస్రీ కేసి చూశాడు. థర్మోకోల్ మీద జాగ్రత్తగా నిలబడి ఉన్న ఆ కాళ్ళకేసి చూశాడు.

"నడువు," అన్నాడు.

తారామణి టీకొట్టు దగ్గర పొద్దుటి రద్దీ ఇంకా తగ్గలేదు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు, ఆటోవాళ్ళు, నిన్న అక్కడ ఉన్నవాళ్ళే సగం మంది. ఇద్దరూ కలిసి రావడం చూసి మాటలు ఆగాయి.

పౌలు బల్ల దగ్గర నిలబడ్డాడు. "నిన్న నేను అన్న ముచ్చట తప్పు," అన్నాడు. "మొల కాదు. డాక్టరమ్మ చూసింది. మేమందరం కలిసి మేపి మేపి దాని కడుపు కరాబు చేసినం. అది కాళ్ళకు దిగింది. మొగిలయ్య చేతిల తప్పు లేదు."

తారామణి చాయ్ వడబోస్తూ తలెత్తకుండానే అంది, "నిన్న ఇంకింత గట్టిగ అన్నవన్నా. బస్టాప్ కాడికి వినొచ్చింది."

పౌలు బస్టాప్ కేసి తిరిగాడు. అక్కడ ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పెద్దాయన బస్సు కోసం చూస్తున్నారు. వాళ్ళకి ఈ గొడవ ఏమీ తెలియదు. పౌలు ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని, బరాత్‌లో బ్యాండువాళ్ళకి కేకవేసే గొంతుతో అన్నాడు. "మొగిలయ్య చేతిల తప్పు లేదు."

పెద్దాయన భయపడి తలూపాడు. టీకొట్టు దగ్గర అందరూ ఒక్కసారి నవ్వారు. ఎవరో మొగిలయ్య వీపు తట్టారు. తారామణి రెండు చాయ్‌లు వాళ్ళ ముందు పెట్టింది. మొగిలయ్య గ్లాసు ఎత్తుతుంటే చెయ్యి కొంచెం వణికింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. వణుకు ఉన్నమాట నిజమే. అయినా మూడో మేకు నిటారుగానే దిగింది. ఆ చాయ్ ఆయనకి ఎన్నడూ లేనంత రుచిగా ఉంది.

"డాక్టరమ్మ ఐస్ కావాలన్నది," అన్నాడు పౌలు. "మూడు దినాలు కాళ్ళు ఐస్‌ల పెట్టాల్నట."

"ఎనక సందుల ఐస్ ఫ్యాక్టరీ ఉన్నది గద," అంది తారామణి. "నా పేరు చెప్పున్రి. ట్రాలీ గూడ ఇస్తరు."

పావుగంటలో ట్రాలీ ఆటో పౌలు సందులోకి వచ్చింది. ముందు సీటులో జాగా లేక ఇద్దరు బావలూ వెనక ఐసు దిమ్మల మీద గోనెపట్టా వేసుకుని కూర్చున్నారు. డిసెంబరు చలిలో కింద నుంచి జివ్వుమంటుంటే ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎగిరెగిరి పడుతూ వచ్చారు. సందులోవాళ్ళు కిటికీల్లోంచి చూశారు. మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత రెండు గంటలు షెడ్డులో పెళ్ళి సందడే. పట్టాభిరామయ్య గారు సుత్తితో ఐసు పగలగొట్టారు. ఆ పని ఆయనే అడిగి తీసుకున్నారు, ప్రాయశ్చిత్తంగా. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నవాళ్ళని అడిగి మొగిలయ్య నాలుగు తోపుడుబండ్ల ఇసుక తెచ్చి అడుగున పరిచాడు. పౌలు రెండు వెడల్పాటి రబ్బరు తొట్లలో ఐసు నీళ్ళు పోసి మిస్రీ ముందుకాళ్ళని ఒక్కొక్కటే ఎత్తి అందులో పెట్టాడు. గుర్రం మొదట ఉలిక్కిపడింది. తర్వాత చల్లదనం గిట్టల్లోకి దిగేసరికి కళ్ళు సగం మూసుకుంది. బారచాపిన కాళ్ళు కొద్దికొద్దిగా వెనక్కి జరిగాయి. కింది పెదవి వేలాడేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి అది మనుషుల గొడవ మానేసి కునుకు తీసింది.

ఆమని గోడమీద బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసింది. గడ్డి తప్ప ఏమీ పెట్టరాదు. దాని కింద పట్టాభిరామయ్య గారు తన ముత్యాల్లాంటి చేతిరాతతో ప్రసాదంతో సహా అని కలిపారు.

"సోమవారం ఎక్స్‌రే తీయిస్తాను," అంది ఆమని. "ఎముక జరగలేదని తేలితే మన అదృష్టం. ఈలోపు కడుపు సంగతి చూడాలి. లోపల ఇంకా గట్టిపడి ఉందేమో చేత్తో చూస్తాను. మొగిలయ్య గారూ, తల పట్టుకోండి. మీ మాట వింటుంది."

భుజం దాకా ఉండే పొడుగు గ్లవ్ తొడుక్కుని, నూనె రాసుకుని ఆమె గుర్రం వెనక పక్కకి నిలబడింది. మొగిలయ్య కళ్ళెం పట్టుకుని మిస్రీ నుదుటికి నుదురు ఆనించాడు. "ఏం గాదు బిడ్డా. జరసేపు," అంటూ చెవి వెనక నిమిరాడు.

"ఇటుపక్క మెత్తగానే ఉంది," అంటోంది ఆమని. "గాలి తగ్గింది. ఇక్కడ కూడా ఫరవాలేదు. ఇక్కడ..."

మాట ఆగింది.

మొగిలయ్య తల తిప్పి చూశాడు. ఆమని ముఖంలో నవ్వు పోయింది. కళ్ళు ఎక్కడో దూరంగా పెట్టి, వేళ్ళతో చూస్తున్న మనిషి ముఖం అది. చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా చెయ్యి బయటికి తీసి గ్లవ్ ఊడదీసింది.

"ఏమైంది డాక్టరమ్మా?" పౌలు ఒక అడుగు ముందుకేశాడు. "కడుపు ఇంకా కరాబే ఉన్నదా?"

"కడుపు తేరుకుంటోంది. పౌలు గారూ, దీన్ని ఎప్పుడైనా మగ గుర్రంతో కలిపారా?"

పౌలుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "ఏం మాట డాక్టరమ్మా. పెండ్లికొడుకులు ఎక్కే గుర్రమాయె. మగ గుర్రం ముఖం గూడ ఎరుగదు."

"దీని కడుపులో పిల్ల ఉంది," అంది ఆమని. "అయిదు నెలలు దాటింది. ఇంక నేను ఇచ్చే ప్రతి మందూ ఆలోచించి ఇవ్వాలి. నిలబడాల్సింది ఇప్పుడు ఈ నాలుగు కాళ్ళే కాదు."

మార్తమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పట్టాభిరామయ్య గారి చేతిలోంచి సుత్తి జారి ఐసులో పడింది. "అయిదు నెలలు," అని ఆయన వేళ్ళు వెనక్కి లెక్కపెట్టారు. ఈసారి లెక్క తడబడలేదు. "జూలై."

"జూలైల నేను గాంధీ దవాఖానాల ఉన్న," అన్నాడు పౌలు. "ఆపరేషన్ అయింది. గుర్రం ఇంట్ల లేకుండె. పన్నెండు దినాలు చెంగిచెర్లల..."

ఆయన ఆగిపోయాడు. ఆ పన్నెండు రోజులూ మిస్రీని చూసుకున్న మొగిలయ్య దిక్కుకి అందరి తలలూ మెల్లగా తిరిగాయి.

మొగిలయ్య కళ్ళెం వదల్లేదు. చెంగిచెర్లలో తన బావమరిది ప్లాటు ఆయన కళ్ళముందు కనపడింది. కట్టేసిన గుంజ, వానకి నాని పుటుక్కున తెగిన తాడు, ప్రహరీ అవతల పచ్చికలో మిస్రీ పక్కనే మెడ మీద మెడ వేసి నిలబడ్డ నల్లటి గుర్రం. ఆ పొద్దున ఆయన మిస్రీని చప్పుడు చెయ్యకుండా తోలుకొచ్చి, ఒళ్ళు తుడిచి, కొత్త తాడుతో కట్టేశాడు. అయిదు నెలలుగా ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రాదనుకున్నాడు.

"బావా," అన్నాడు పౌలు. కోపం కాదది, నమ్మలేకపోవడం. "నీకు ఎరుకనా?"

మొగిలయ్య బోర్లించిన తొట్టిని కాలితో ఆయన వైపు జరిపాడు.

"ముందుగాల కూసో బావా," అన్నాడు. "ఆ మగ గుర్రం ఎవరిదో నిలబడి వినే ముచ్చట కాదు."